సీఐలో లింట్ పెట్టబోతున్నారా? ముందు సీక్రెట్లు పక్కన పెట్టండి

సీఐ అంటే కోడ్ మారినప్పుడల్లా తనంతట తానే నడిచే చెకింగ్. లింట్ అంటే కోడ్‌లో తప్పులు వెతికే టూల్. సీక్రెట్లంటే అక్కడ దాచే కీలు, టోకెన్లు. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వాళ్ల ఛేంజ్డ్-ఫైల్స్ అనే గిట్‌హబ్ యాక్షన్‌లోకి (సీఐలో వాడుకునే రెడీమేడ్ స్టెప్) ఎవరో చొరబడ్డారు. పుల్ రిక్వెస్ట్‌లో (పీఆర్, అంటే మార్పును కలపమని పంపే ప్రతిపాదన) ఏ ఫైళ్లు మారాయో చెప్పడమే దాని పని. మారిన వాటికి మాత్రమే లింట్ నడపాలనుకునేవాళ్లు దాన్ని తెగ వాడేవారు. 23 వేలకు పైగా రిపోల్లో ఉంది. దొంగ కోడ్ రన్నర్ (సీఐ నడిచే మెషీన్) మెమరీలోంచి సీక్రెట్లు లాగి, రెండుసార్లు బేస్64 ఎన్‌కోడింగ్‌లోకి మార్చి, బిల్డ్ లాగ్‌లో అచ్చేసింది. లాగ్‌లో సీక్రెట్ పడితే గిట్‌హబ్ స్టార్లు పెట్టి దాస్తుంది కదా అంటారేమో. ఉన్నదున్నట్టు పడితేనే దాస్తుంది, వేషం మారిస్తే దానికి తెలీదు. పబ్లిక్ రిపో లాగ్ ఎవరైనా చదవొచ్చు.

జులైలో ఈఎస్‌లింట్-కాన్ఫిగ్-ప్రెటియర్ వంతు వచ్చింది. ఇది జావాస్క్రిప్ట్ లింట్ టూల్ ఈఎస్‌లింట్‌కి సెట్టింగులిచ్చే ఎన్‌పీఎం ప్యాకేజీ. మెయింటైనర్‌ని ఫిషింగ్ మెయిల్‌తో బోల్తా కొట్టించి 8.10.1, 9.1.1, 10.1.6, 10.1.7 వెర్షన్లు వదిలారు. ఇన్‌స్టాల్ చేయగానే విండోస్ మెషీన్లలో ఒక దొంగ డీఎల్ఎల్ ఫైల్ నడిచేది. రెండుసార్లూ కంచే చేను మేసింది.

ఏ రూల్స్ పెట్టుకోవాలి, సెమికోలన్ ఉండాలా వద్దా అన్నది మీ టీమ్ తేల్చుకోండి. జనం మునిగేది అక్కడ కాదు. చెక్ చేసే జాబ్ చేతిలో డిప్లాయ్ కీలు (కోడ్‌ని సర్వర్‌కి ఎక్కించే కీలు) పెట్టడం దగ్గర మునుగుతున్నారు. వర్క్‌ఫ్లో ఫైల్ పైభాగంలోనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కింద క్లౌడ్ కీ, ఎన్‌పీఎం టోకెన్ రాసేస్తారు. లింట్‌కి వాటితో పనిలేదు, అయినా అందుబాటులో ఉంటాయి. లింట్ అంటే కోడ్‌ని చదివి ఊరుకునేది అనుకోవద్దు. ఈఎస్‌లింట్ కాన్ఫిగ్ జావాస్క్రిప్ట్ ఫైలే, ప్లగిన్లూ అంతే. లింట్ నడిపితే అవన్నీ నడిచినట్టే.

కీని డిప్లాయ్ స్టెప్‌కే ఇచ్చాం కదా అంటే చాలదు. ఒక జాబ్‌లోని స్టెప్‌లన్నీ ఒకే మెషీన్ మీద నడుస్తాయి. పై స్టెప్ నోడ్ మాడ్యూల్స్‌లో (ప్యాకేజీలుండే ఫోల్డర్) ఏదైనా పెట్టి పోతే కింది స్టెప్ దాన్నే నడుపుతుంది. అందుకే డిప్లాయ్‌ని వేరే జాబ్‌గా రాయండి, మళ్లీ కొత్తగా ఇన్‌స్టాల్ చేయనివ్వండి. లింట్ జాబ్‌లో పర్మిషన్స్ కింద కంటెంట్స్‌కి రీడ్ ఒక్కటే ఉండాలి.

బయటివాళ్ల పీఆర్‌లతో ఇదే తప్పు ఇంకో రూపంలో వస్తుంది. ఫోర్క్ (బయటివాళ్లు చేసుకున్న మీ రిపో కాపీ) నుంచి వచ్చిన పీఆర్‌కి మామూలుగా సీక్రెట్లు అందవు. కామెంట్ బాట్ పనిచేయట్లేదని ఎవరో ఈవెంట్‌ని సీక్రెట్లు అందే పుల్-రిక్వెస్ట్-టార్గెట్‌కి మార్చి, ఆ పీఆర్ కోడ్‌నే చెకౌట్ చేసి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడతారు. అంతే, ముక్కూమొహం తెలియనివాడి పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ (ఇన్‌స్టాల్ కాగానే దానంతటదే నడిచేది) మీ కీల మధ్య నడుస్తుంది.

యాక్షన్లను ట్యాగ్‌తో (వెర్షన్‌కి పెట్టిన పేరు, దాన్ని వేరే కోడ్ వైపు తిప్పొచ్చు) పిలవొద్దు. ఛేంజ్డ్-ఫైల్స్‌లో పాత ట్యాగులనే దొంగ కమిట్ వైపు తిప్పారు, కాబట్టి వెర్షన్ మార్చనివాళ్లూ దొరికిపోయారు. 40 అక్షరాల పూర్తి కమిట్ హ్యాష్ రాసి, పక్కన వెర్షన్ నంబర్ కామెంట్‌గా పెట్టండి.

ప్యాకేజీలకు ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కాదు, ఎన్‌పీఎం సీఐ వాడండి. అది లాక్‌ఫైల్‌లో రాసి ఉన్న వెర్షన్లు దాటదు. ఇగ్నోర్-స్క్రిప్ట్స్ ఫ్లాగ్ తగిలించండి. ఎన్‌పీఎం బదులు వాడే పీఎన్‌పీఎంలో వెర్షన్ 10 నుంచి డిపెండెన్సీల స్క్రిప్టులు వాటంతటవి నడవవు. 10.16లో వచ్చిన మినిమమ్-రిలీజ్-ఏజ్‌ని (కొత్త వెర్షన్ వచ్చాక ఎంతసేపు ఆగి వాడాలో చెప్పే సెట్టింగ్) నిమిషాల్లో ఇవ్వాలి: వారానికి 10080. ఇలాంటి దొంగ వెర్షన్లు సాధారణంగా గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో బయటపడతాయి, వారం ఆగితే నష్టమేం లేదు.

మిగతావి వరసగా:

వార్నింగులు ఎన్నొచ్చినా ఈఎస్‌లింట్ సున్నాతోనే, అంటే పాసైనట్టే, బయటికొస్తుంది. మ్యాక్స్-వార్నింగ్స్ 0 పెట్టండి.
ఫెయిలైనా ముందుకు పొమ్మనే కంటిన్యూ-ఆన్-ఎర్రర్ తీసేయండి.
లింట్ అవుట్‌పుట్‌ని ఇంకో కమాండ్‌కి పైప్ చేస్తే ఎర్రర్ కనబడకుండా పోతుంది. షెల్ బ్యాష్ అని విడిగా రాస్తేనే ఆ ఎర్రర్‌ని పట్టే పైప్‌ఫెయిల్ ఆన్ అవుతుంది.
ఇఫ్ షరతుతో స్కిప్ అయిన జాబ్ రిక్వైర్డ్ చెక్‌లో పాసైనట్టే లెక్క.
టైమౌట్ 10 నిమిషాలు. రాయకపోతే 360.
పబ్లిక్ రిపోకి సెల్ఫ్-హోస్టెడ్ రన్నర్ (మీ సొంత మెషీన్) పెట్టొద్దు.
లింట్ జాబ్ క్యాష్‌ని డిప్లాయ్ జాబ్ ముట్టుకోకూడదు.
లింట్ జాబ్‌లో సీక్రెట్ పేరు ఉందా? తీసేయండి. "రేపు అవసరమవుతుందేమో" అనొద్దు, తీసేయండి.
లీకైందని అనుమానమొస్తే ముందు కీ రద్దు చేయండి. లాగ్ చెరపడం తర్వాత. కమిట్ తీసేసినా, రిపోని ప్రైవేట్ చేసినా పాత కీ పనిచేస్తూనే ఉంటుంది.