హోమ్ లోన్ బ్రోకర్ గురించి ఎవరిని అడగాలి, ఏమని అడగాలి

లోన్ బ్రోకర్ గురించి ఎవరైనా మంచిమాట చెప్తే నేను మొదట అడిగేది ఒక్కటే, మీ లోన్ మొదలై ఎన్నాళ్లయింది అని. లోన్ మంజూరైందని బ్యాంకు ఇచ్చే శాంక్షన్ లెటర్ చేతికొచ్చిన రోజు అందరం సంతోషంగానే ఉంటాం, ఆ రోజు బ్రోకర్ దేవుడిలా కనిపిస్తాడు, ఐదు స్టార్లు ఇచ్చేస్తాం. డబ్బు నిజంగా విడుదల కావడానికి ఎన్ని రోజులు పట్టింది, మనకు చెప్పకుండా లోన్‌లో ఏం కలిపారు, వడ్డీ పెరిగినప్పుడు ఆ మనిషి ఫోన్ ఎత్తాడా లేదా, ఇవన్నీ ఆ తర్వాత బయటపడే సంగతులు. అందుకే ఏడాది దాటినవాళ్ల మాటకి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఇది నాకు దెబ్బతిన్నాకే అర్థమైంది. నా మొదటి బ్రోకర్‌ని ఆఫీసులో ఒక స్నేహితుడు చెప్పాడు, అప్పటికి అతనికి శాంక్షన్ వచ్చి రెండు వారాలే. నా విషయంలోనూ శాంక్షన్ దాకా ఆ బ్రోకర్ రోజుకి మూడుసార్లు ఫోన్ చేశాడు, లెటర్ వచ్చాక మాత్రం 'చూస్తున్నాం సార్, ప్రాసెస్‌లో ఉంది' తప్ప ఇంకో మాట లేదు. ఇల్లు అమ్మేవాళ్లకి నేనిచ్చిన గడువు దగ్గర పడుతోంది, రాత్రుళ్లు నిద్ర లేదు. చివరికి నేనే బ్యాంకుకి వెళ్లి అడిగితే, ఆస్తికి సంబంధించిన పాత పత్రం ఒకటి తక్కువైందని పదిహేను రోజుల కిందటే అతనికి చెప్పామన్నారు. ఆ పత్రం అమ్మేవాళ్ల దగ్గరే ఉంది, అడిగితే అరగంటలో ఇచ్చేవాళ్లు. అప్పటికే ఆలస్యమైపోయింది, ఇల్లు చేజారింది.

కాబట్టి బ్రోకర్ దగ్గర ఇంతకుముందు లోన్ తీసుకున్నవాళ్లని కనీసం ఇద్దరిని పట్టుకుని మాట్లాడండి. 'ఎలా చేశాడు?' అని అడిగితే 'బాగానే చేశాడు' అంటారు, దాంతో మనకేమీ తెలియదు. లెక్కలు అడగండి. అప్లికేషన్ ఇచ్చిన రోజు నుంచి శాంక్షన్‌కి ఎన్ని రోజులు, శాంక్షన్ నుంచి డబ్బు విడుదలకి ఎన్ని రోజులు? మొదట నోటితో చెప్పిన వడ్డీ ఎంత, చివరికి అగ్రిమెంట్‌లో వచ్చింది ఎంత? ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఛార్జీ, ఆస్తి విలువ కట్టే ఛార్జీ ముందే చెప్పాడా, లేక ఒక్కొక్కటిగా బయటికి తీశాడా? ఒకే పత్రం ఎన్నిసార్లు అడిగాడు? మధ్యలో ఏదైనా ఆగిపోయినప్పుడు ఆ కబురు ముందు అతను చెప్పాడా, లేక మీరే వెతుక్కోవాల్సి వచ్చిందా? ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. లోన్ పనిలో ఎక్కడో ఒకచోట అడ్డం రావడం మామూలే, అది బ్రోకర్ తప్పు కాకపోవచ్చు, కానీ దాన్ని మన దగ్గర దాచడం మాత్రం ముమ్మాటికీ అతని తప్పే.

వీలైతే లోన్ రాని మనిషితో కూడా మాట్లాడండి. దొరకడం కష్టమే, కానీ దొరికితే వదలకండి. రిజెక్ట్ అయినప్పుడు కారణం వివరించి, ఏం సరిచేసుకుంటే మళ్లీ వెళ్లొచ్చో చెప్పాడా, లేక నంబర్ బ్లాక్ చేసినట్టు మాయమయ్యాడా అన్నది వాళ్లే చెప్పగలరు.

ఆన్‌లైన్ రివ్యూలు కూడా ఇదే కళ్లతో చదవాలి. 'సూపర్ సర్వీస్, చాలా మంచి మనిషి' అన్న ఒక్క లైను రివ్యూలు యాభై ఉన్నా పక్కన పెట్టేయండి. వారం రోజుల్లో పాతిక రివ్యూలు వచ్చి, ముందూ వెనకా నెలల తరబడి ఏమీ లేకపోతే అనుమానించాల్సిందే. జీతం కాకుండా వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు, ఉద్యోగం మారి ఆరు నెలలు కూడా కానివాళ్లు, భార్యాభర్తలిద్దరి పేరు మీద తీసుకున్నవాళ్లు, ఇలా మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నవాళ్లు రాసింది వెతకండి. సాఫీగా జీతం వచ్చేవాళ్ల లోన్ ఎవరైనా చేయించగలరు, వాళ్ల అనుభవం మీకు పనికిరాకపోవచ్చు. చెడ్డ రివ్యూల కింద బ్రోకర్ ఇచ్చిన జవాబులు కూడా చదవండి. ఏం జరిగిందో వివరించాడా, కస్టమర్ మీదే విరుచుకుపడ్డాడా అన్నది చూస్తే రేపు మనతో ఎలా ఉంటాడో తెలుస్తుంది.

ఇక మొదటిసారి కలిసినప్పుడు మొహమాటం లేకుండా అడగాల్సింది: 'మీకు డబ్బు ఎవరిస్తారు, ఎంత ఇస్తారు?' చాలాచోట్ల బ్రోకర్‌కి అప్పు ఇచ్చే సంస్థ లోన్ మొత్తంలో కొంత శాతం కమిషన్ ఇస్తుంది, కొందరు కస్టమర్ దగ్గర కూడా ఫీజు తీసుకుంటారు. కమిషన్ తీసుకోవడం తప్పేమీ కాదు, అది వాళ్ల కష్టానికి ప్రతిఫలం. కానీ లోన్ పెద్దదైతే కమిషన్ పెరుగుతుంది, లోన్ జరగకపోతే ఏమీ రాదు, ఆ సంగతి గుర్తుంటే 'ఇంకొంచెం ఎక్కువ తీసుకోండి, మీకు ఎలిజిబిలిటీ ఉంది' అన్న సలహా ఎక్కడి నుంచి వస్తోందో అర్థమవుతుంది. ఎలిజిబిలిటీ ఉన్నంత మాత్రాన అంతా తీసుకోనక్కర్లేదు.

ఎన్ని సంస్థలతో పని చేస్తారో కూడా అడగండి. రెండు మూడు బ్యాంకులతోనే ఒప్పందం ఉన్న మనిషి 'మార్కెట్‌లో ఇదే బెస్ట్ రేటు' అంటే, ఆ మార్కెట్ అంటే ఆ రెండు మూడు బ్యాంకులే. భారత్‌లో మనం బ్రోకర్ అని పిలిచే చాలామంది నిజానికి బ్యాంకు తరఫున పనిచేసే డీఎస్‌ఏలు, అంటే డైరెక్ట్ సెల్లింగ్ ఏజెంట్లు. మర్యాదగా మాట్లాడినా, బాగా పని చేసినా, వాళ్లు బ్యాంకు మనుషులే. ఆస్ట్రేలియాలో మాత్రం 2021 జనవరి 1 నుంచి బ్రోకర్ కస్టమర్ మేలు చూసి తీరాలని చట్టమే ఉంది. అమెరికాలో ఒకే లోన్ మీద అటు సంస్థ దగ్గరా ఇటు కస్టమర్ దగ్గరా రెండు వైపులా తీసుకోవడానికి వీల్లేదు, ఎక్కువ వడ్డీ వేయించినందుకు ఎక్కువ కమిషన్ ఇవ్వడం కూడా కుదరదు. అక్కడ ఎన్‌ఎంఎల్‌ఎస్ కన్స్యూమర్ యాక్సెస్ అనే వెబ్‌సైట్‌లో, బ్రిటన్‌లో ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ రిజిస్టర్‌లో పేరు కొడితే ఆ మనిషికి అనుమతి ఉందో లేదో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మీరున్న దేశంలో అలాంటి జాబితా ఉంటే ముందు అది చూడండి. డీఎస్‌ఏ అయితే, ఈయన మీ ఏజెంటేనా అని నేరుగా బ్యాంకు బ్రాంచికి ఫోన్ చేసి అడగండి.

ఇప్పుడు లెక్కల సంగతి, ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. 1,00,000 అప్పుని 20 ఏళ్లకి 9 శాతం వడ్డీతో తీసుకుంటే నెలకి దాదాపు 900 కట్టాలి. అదే 8.5 శాతమైతే 868. నెలకి 32 తేడా ఏముందిలే అనిపిస్తుంది, కానీ 240 నెలలకి అది 7,600 దాటుతుంది, మీ అప్పు 1,00,000కి ఎన్ని రెట్లయితే ఇదీ అన్ని రెట్లు. అరశాతం కోసం ఇంకో రెండు చోట్ల అడగమని నేను పోరు పెట్టేది ఇందుకే.

ఇంకో మాయ గడువుది. 'ఈఎంఐ ఎక్కువనిపిస్తోందా, తగ్గించేద్దాం' అని 20 ఏళ్లని 30 ఏళ్లు చేస్తారు. అదే 9 శాతం మీద ఈఎంఐ 900 నుంచి 805కి దిగుతుంది, మనసు తేలికపడుతుంది. కానీ కట్టే మొత్తం వడ్డీ దాదాపు 1,16,000 నుంచి 1,90,000కి పోతుంది. తప్పనిసరై పొడిగించుకునేవాళ్లు ఉంటారు, వాళ్లని నేను తప్పుపట్టను. నేను చూసేది ఈ రెండో అంకె బ్రోకర్ తనంతట తాను చెప్పాడా లేదా అని. చెప్పినవాడిని నమ్మొచ్చు.

వడ్డీ రేటు ఒక్కటే చూసినా మోసపోతాం. ఫీజులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో చూపే అంకెని ఏపీఆర్ అంటారు, అది కాగితం మీద అడగండి. భారత్‌లో 2024 అక్టోబరు 1 నుంచి మంజూరైన రిటైల్ లోన్లకి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పత్రం ఇచ్చి తీరాలి, అందులో ఈ ఏపీఆర్ ఉంటుంది, అందులో రాయని ఛార్జీని మీ ఒప్పుకోలు లేకుండా వసూలు చేయకూడదు. అమెరికాలో అయితే అప్లికేషన్ అందిన మూడు పనిదినాల్లో లోన్ ఎస్టిమేట్ ఇవ్వాలి. 'అవన్నీ ఫార్మాలిటీ సార్, తర్వాత ఇస్తాను' అంటే అక్కడే ఆగిపోండి. వడ్డీ ఎప్పటికప్పుడు మారే ఫ్లోటింగా, మారకుండా ఉండే ఫిక్స్‌డా, ఫిక్స్‌డ్ అయితే ఎన్నాళ్లు, ఆ తర్వాత దేన్ని బట్టి మారుతుంది, ముందే తీర్చేస్తే ఛార్జీ ఉందా, ఇవి కూడా అందులోనే చూసుకోండి. భారత్‌లో వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్‌కి ముందస్తు చెల్లింపు ఛార్జీ వేయకూడదు, ఎవరైనా ఉంటుందంటే గట్టిగా నిలదీయండి.

ఇన్సూరెన్స్ విషయంలో చాలామంది నాతో ఒకే కథ చెప్పారు. 'ఇది తీసుకుంటేనే లోన్ పాస్ అవుతుంది' అని చెప్పి, ప్రీమియం మొత్తాన్ని లోన్‌లోనే కలిపేస్తారు, దాంతో ఆ ప్రీమియం మీద కూడా ఇరవై ఏళ్లు వడ్డీ కడతాం. ఇన్సూరెన్స్ ఉండటం మంచిదే, ఇంట్లో సంపాదించేవాళ్లు ఒక్కరే అయితే తప్పకుండా ఉండాలి. దాన్ని విడిగా, మీరే పోల్చుకుని కొనుక్కోండి. ఇది తప్పనిసరి అని ఎక్కడ రాసి ఉందో చూపించమని అడిగితే చాలాసార్లు ఆ మాట వెనక్కి పోతుంది.

ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి, ఎంత తెలిసినవాడైనా సరే. జీతం ఎక్కువ చూపిద్దాం, వేరే అప్పు దాచేద్దాం అంటే ఒప్పుకోకండి, రేపు పట్టుబడితే ఆ సంతకం మీదే, మోసం కేసూ మీ మీదే. మిమ్మల్ని అడగకుండా నాలుగైదు సంస్థలకి ఒకేసారి అప్లికేషన్లు పంపొద్దని మొదటిరోజే మెసేజ్ పెట్టండి. ప్రతి సంస్థ మీ క్రెడిట్ రికార్డు తీసి చూసినట్టు అందులో నమోదవుతుంది, అలాంటివి గుట్టలుగా పడితే స్కోరు మీద దెబ్బ పడొచ్చు.

నా రెండో బ్రోకర్ ఒకావిడ. నా కాగితాలన్నీ చూసి, 'ఇప్పుడు అప్లై చేయకండి, ఆ కార్డు బాకీ తీర్చేసి మూడు నెలలాగి రండి, ఇప్పుడు పంపితే రేటు ఎక్కువ వేస్తారు' అన్నారు. వచ్చిన కస్టమర్‌ని వెనక్కి పంపడం చూసి మొదట ఆశ్చర్యపోయాను. మూడు నెలలయ్యాక వెళ్తే, వారంలో రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, ఏమీ కదలకపోయినా 'ఈ వారం ఏమీ కదల్లేదు, ఫలానా కారణం' అని మెసేజ్ పెట్టేవారు. ఆ రెండు మెసేజ్‌ల వల్లే నాకు టెన్షన్ లేకుండా పోయింది. మీరూ మీ బ్రోకర్‌తో మొదటిరోజే ఇలాంటి ఏర్పాటు ఒకటి మాట్లాడుకోండి, ఫలానా రోజు సాయంత్రం ఒక్క మెసేజ్ చాలు అని చెప్పండి.

అంతా చూసుకున్నా పని ఆగిపోతే, ఫోన్లు మానేసి రాతలోకి దిగండి. ఏ రోజు ఏ పత్రం ఇచ్చారో తేదీలతో ఒక మెయిల్ పెట్టి, బ్యాంకు లోన్ అధికారిని అందులో కలపండి. లోన్ అప్లికేషన్ నంబర్ మొదటిరోజే తీసుకుని మీ దగ్గర పెట్టుకోండి, అది ఉంటే బ్రోకర్ లేకుండానే బ్యాంకులో నేరుగా అడగొచ్చు. నేను ఇల్లు పోగొట్టుకున్నది ఆ నంబర్ అడిగి ఉంచుకోకపోవడం వల్లే.

అంతా సవ్యంగా ముగిస్తే మీరు కూడా రివ్యూ రాయండి, కాకపోతే ఫోన్‌లో ఏడాది తర్వాతకి రిమైండర్ పెట్టుకుని అప్పుడు రాయండి. ఎన్ని రోజులు పట్టిందో, చెప్పిన రేటెంతో, వచ్చిన రేటెంతో, మీ ఆదాయం జీతమా వ్యాపారమా అన్నదీ అందులో పెట్టండి.