ఫంక్షన్ కాల్‌కి కోడ్: ముందు లెక్క, ఆ తర్వాతే మూవ్‌లు

కంపైలర్ బ్యాకెండ్‌లో (మెషిన్ కోడ్ పుట్టించే చివరి భాగంలో) కూడికలకీ పోలికలకీ కోడ్ పుట్టించడం పెద్ద పనేం కాదు. ఫంక్షన్ కాల్ దగ్గరికొచ్చేసరికే అంతా కలగాపులగం అవుతుంది. నేను చూసినంతలో కారణం ఒకటే: ఆర్గ్యుమెంట్ (ఫంక్షన్‌కి పంపేది) ఎక్కడికెళ్లాలో తేల్చడం, దాని విలువ కట్టడం, అక్కడికి చేర్చడం, ఈ మూడూ ఒకే లూప్‌లో కుక్కేస్తాం. వీటిని విడదీస్తే సగం తలనొప్పి పోతుంది. లైనక్స్‌లో 64 బిట్ ఎక్స్86 లెక్కన చెబుతాను.

మొదట ఒక చిన్న ఫంక్షన్ రాయండి. ఆర్గ్యుమెంట్ల టైపులిస్తే ఏది ఎక్కడికెళ్లాలో చెప్పాలి, అంతే. ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా పుట్టించకూడదు. పూర్ణాంకాలు, పాయింటర్లు అయితే మొదటి 6 వరుసగా ఆర్‌డీఐ, ఆర్‌ఎస్‌ఐ, ఆర్‌డీఎక్స్, ఆర్‌సీఎక్స్, ఆర్8, ఆర్9 రిజిస్టర్లలోకి (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోట్లు). డబుల్స్ (దశాంశ సంఖ్యలు) అయితే ఎక్స్‌ఎంఎం0 నుంచి 7 దాకా ఉన్న వెక్టర్ రిజిస్టర్లలోకి. మిగిలినవి స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) మీదికి. కాల్ అందుకునే ఫంక్షన్ కూడా తన పారామీటర్లు ఎక్కడున్నాయో దీన్నే అడుగుతుంది కాబట్టి ఇద్దరి లెక్కా తప్పకుండా కలుస్తుంది.

తర్వాత అన్ని ఆర్గ్యుమెంట్ల విలువలూ కట్టి టెంపరరీల్లో (తాత్కాలిక చోట్లలో) పెట్టుకోండి. ఎఫ్(1, జీ(2)) అని ఉందనుకోండి. తొందరపడి 1ని ఆర్‌డీఐలో పెడితే, జీని పిలిచేటప్పుడు 2 వచ్చి దాన్ని చెరిపేస్తుంది.

అసలు చిక్కు చేర్చడంలో ఉంది. ఎఫ్(ఎ, బి) లోపల జీ(బి, ఎ) అని పిలిచారు. ఆర్‌ఎస్‌ఐని ఆర్‌డీఐలోకి, ఆపైన ఆర్‌డీఐని ఆర్‌ఎస్‌ఐలోకి కాపీ చేస్తే రెండింట్లోనూ బీయే మిగులుతుంది. అందుకే మూవ్‌లన్నీ (ఈ కాపీలన్నీ) ఒకేసారి జరగాల్సిన గుంపుగా చూడండి. ఏ మూవ్ గమ్యం మిగతా మూవ్‌లకి మూలం కాదో దాన్ని ముందు పంపేయండి. అలాంటిదేదీ దొరక్కపోతే అది చక్రం. ఒక విలువని ఆర్11లో దాచి, ఇకపై దానికి మూలం ఆర్11 అని రాసుకుంటే చక్రం తెగిపోతుంది. ఆర్11 ఆర్గ్యుమెంట్లకి వాడరు, కాపాడి తిరిగివ్వక్కర్లేదు. ఏ విలువ ఏ రిజిస్టర్‌లో ఉండాలో తేల్చే రిజిస్టర్ అలొకేటర్‌కి మాత్రం దాన్ని ఇవ్వకండి. స్టాక్ మీదికెళ్లేవి రిజిస్టర్ మూవ్‌ల కంటే ముందే రాసేయండి.

నాకు బాగా నచ్చిన కిటుకు ఇంకొకటుంది. ఫంక్షన్ పాయింటర్ ద్వారా పిలిచేటప్పుడు ఆ అడ్రస్‌ని కూడా ఆర్10కి వెళ్లాల్సిన మరో ఆర్గ్యుమెంట్‌లా గుంపులో కలిపేయండి. ఎన్ని ఆర్గ్యుమెంట్లైనా తీసుకునే ప్రింట్‌ఎఫ్ లాంటివాటికి ఏఎల్ రిజిస్టర్‌లో పెట్టాల్సిన వెక్టర్ రిజిస్టర్ల సంఖ్యా అంతే. ప్రత్యేకంగా కోడ్ రాయక్కర్లేదు.

స్టాక్ ఆర్గ్యుమెంట్లకి పుష్‌లు (ఒక్కొక్కటిగా స్టాక్ మీదికి నెట్టడం) వద్దు. ఫంక్షన్‌లోని కాల్స్‌లో దేనికి ఎక్కువ జాగా కావాలో చూసి, ప్రోలాగ్‌లో (ఫంక్షన్ మొదట్లో నడిచే కోడ్‌లో) లోకల్స్‌తో కలిపి 16 గుణిజానికి పెంచి ఒకేసారి తీసుకోండి. ఆర్‌బీపీ రిజిస్టర్‌ని పుష్ చేశాక ఆర్‌ఎస్‌పీ (స్టాక్ కొసని చూపే రిజిస్టర్) 16 గుణిజంగా ఉంటుంది కాబట్టి, ఆ తర్వాత కాపాడే రిజిస్టర్లని కూడా ఈ జాగాలోనే దాస్తే, ఏ కాల్ దగ్గరా అలైన్‌మెంట్ (ఆర్‌ఎస్‌పీ 16 గుణిజంగా ఉండటం) టెన్షన్ ఉండదు. అలోకా (ప్రోగ్రామ్ నడుస్తుండగా స్టాక్ మీద జాగా తీసుకునేది) ఉన్నచోట మాత్రం జాగ్రత్త. అడిగిన సైజుని 16 గుణిజం చేసి ఆర్‌ఎస్‌పీని కిందికి జరిపాక, నేరుగా ఆర్‌ఎస్‌పీని కాకుండా దానికి కాల్స్ కోసం ఉంచిన జాగా సైజు కలిపి ఆ అడ్రస్ ఇవ్వాలి.