చిన్న క్వారీ చుట్టూ అడవి జీవాలకు చోటు మిగల్చడం ఎలా?

చిత్తూరు జిల్లాలో కుప్పం, పలమనేరు వైపు గ్రానైట్ క్వారీలున్నాయి. కౌండిన్య అభయారణ్యమూ అక్కడే. దాదాపు రెండు వందల ఏళ్లు కనబడకుండా పోయిన ఏనుగులు 1980ల్లో మళ్లీ ఈ కొండల్లోకి వచ్చాయి. కాబట్టి ఇక్కడ రాయి తీసేవాళ్లు తొలి పేలుడుకు ముందే కొన్ని పనులు చేయాలి.

మొదట దూరం చూసుకోండి. అభయారణ్యం, జాతీయ పార్కు హద్దుల నుంచి కిలోమీటరు లోపల తవ్వకాలు కూడదని 2023లో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది. ఆ హద్దు ఎక్కడుందో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

తర్వాత తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి స్థలమంతా నడవండి. మేకలు కాసేవాళ్లను బతిమాలైనా వెంట తీసుకెళ్లండి. ఎలుగుబంటి ఏ బండ సందులో పడుకుంటుందో, ఏనుగులు ఏ దారిన చెరువుకు దిగుతాయో వాళ్లకే తెలుసు. రాతి అంచు కింద తెల్లటి రెట్ట, ఎలుకల ఎముకలూ బొచ్చూ కలిసిన ఉండలు కనిపిస్తే పైన కొండ గుడ్లగూబ ఉండొచ్చు. అది పుల్లలతో గూడు కట్టదు, అంచు మీదే గుడ్లు పెడుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ వైపు పేలుళ్లు పెట్టకండి. వంకనూ, ముసలి చింతచెట్లనూ, గుహలున్న బండలనూ చుట్టూ సున్నం గీత గీసి వదిలేయండి.

పై మట్టిని మాత్రం ప్రాణంగా చూసుకోండి. జానెడు, జానెడున్నర లోతు మట్టిలోనే గడ్డి గింజలు, వేళ్లు, సూక్ష్మజీవులు ఉంటాయి. జేసీబీతో రాళ్లలో కలిపేస్తే అవన్నీ పోయినట్టే. విడిగా తీసి, నడుము ఎత్తు దాటకుండా కుప్ప వేసి, పైన జనుము చల్లండి. ఎత్తుగా పోస్తే అడుగున గాలాడక మట్టి చచ్చిపోతుంది.

గుంతకు ఒక పక్క ఏటవాలు దారి ఉంచండి. వాననీళ్లు నిండాక దాహానికి దిగిన జంతువు ఎక్కి రావాలి కదా. కంచెకు నేరుగా కరెంటు ఇవ్వడం నేరం, అది ఏనుగునే కాదు, మనిషినీ చంపుతుంది. రాత్రి పని మానేయండి. తప్పదంటే లైట్లు కిందికి తిప్పండి. రాయి కోసిన బురదనీళ్లు వంకలోకి పోకుండా రెండు తొట్లు కట్టి తేర్చండి.

ఒక మూల పని అయిపోగానే దాచిన మట్టి అక్కడ పరవండి, లీజు ముగిసేదాకా ఆగొద్దు. తొలి వానలకు నేరేడు, కానుగ, రేగు, వేప నాటండి. సుబాబుల్, నీలగిరి వద్దు. రాతి గోడ మొత్తం చదును చేయకుండా, మనుషులు ఎక్కలేని ఒక అంచు గుడ్లగూబకు ఉంచండి.