కంపైల్ చేసిన ఓఎస్ పంచాలంటే ఫీజు ఎవరికి కట్టాలి?

లినక్స్ అనే ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఫ్రీయే కదా, మనకు కావాల్సిన ప్యాకేజీలు (ప్రోగ్రాములు) కలిపి ఒక ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు) చేసి పెన్‌డ్రైవ్‌లో అమ్ముకుంటే ఎవరికైనా కట్టాలా అని చాలామంది అడుగుతుంటారు. ఓఎస్ మొత్తానికి ఒకటే లైసెన్స్ ఉండదండీ, ఏ ప్యాకేజీది దానిదే. డెబియన్ అనే లినక్స్ రకంలో యూఎస్ఆర్, షేర్, డాక్ ఫోల్డర్ల వరుసలో వెళ్లి బాష్ (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) ఫోల్డర్ తెరిస్తే కాపీరైట్ అనే ఫైలు ఉంటుంది, దాని లైసెన్స్ జీపీఎల్ 3 (వాడుకోడానికి, మార్చడానికి, పంచడానికి అనుమతినిచ్చే ఉచిత లైసెన్స్) అని అందులోనే రాసి ఉంటుంది. ఇలా మీరు పెట్టిన ప్రతి ప్యాకేజీదీ చూసి రాసుకోండి. విసుగు పుట్టించే పనే, కానీ ఇది చేయకపోతే ఫీజు లెక్క తేలదు.

జీపీఎల్ వాటికి ఎవరికీ లైసెన్స్ ఫీజు కట్టక్కర్లేదు, మీరు కూడా ఆ పేరుతో వసూలు చేయకూడదు. కాపీ చేసి ఇచ్చినందుకు, సపోర్ట్ ఇచ్చినందుకు మాత్రం ఎంతైనా తీసుకోవచ్చు.

అసలు చిక్కంతా సోర్స్ దగ్గరే. సోర్స్ అంటే ప్రోగ్రామర్లు రాసిన కోడ్, దాన్ని కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చడమే కంపైల్ చేయడం, అలా వచ్చేది బైనరీ. ఓఎస్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్‌కి ఉన్న జీపీఎల్ 2 ప్రకారం బైనరీతోపాటు సోర్స్ ఇవ్వాలి, లేదంటే కనీసం 3 ఏళ్లపాటు అడిగినవాళ్లకు ఇస్తామని రాసివ్వాలి, అలా పంపేటప్పుడు కాపీ ఖర్చుకు మించి తీసుకోకూడదు. సోర్స్ డెబియన్ లాంటి వాళ్ల సర్వర్‌లో ఉందిగా అని చాలామంది ధీమాగా ఉంటారు, తీరా రెండేళ్లకు ఎవరో అడిగేసరికి ఆ వెర్షన్ అక్కడ ఉండదు, అప్పుడు మొదలవుతుంది టెన్షన్. అందుకే బిల్డ్ చేసిన రోజే ఆప్ట్-గెట్ సోర్స్ అనే కమాండ్‌తో అన్నీ దించి, మీ ప్యాచ్‌లు (మీరు చేసిన మార్పులు), కెర్నల్ కాన్ఫిగ్ ఫైలు, బిల్డ్ స్క్రిప్టులతో కలిపి తేదీ వేసి దాచండి.

బీఎస్డీ అనే మరో రకం లైసెన్స్ ఉన్నవాటితో ఇంత పని లేదు, కాపీరైట్ నోటీసు, దాని కింది షరతులు, బాధ్యత మాది కాదనే ప్రకటన డాక్యుమెంటేషన్‌లో ఉంచితే చాలు.

డబ్బు, అనుమతి అవసరమయ్యేది ఎక్కువగా పేరు, లోగో దగ్గర, అంటే ట్రేడ్‌మార్కుల దగ్గర. రెడ్ హ్యాట్ కంపెనీ లినక్స్‌తో సరిపోయేలా ఓఎస్ చేసే రాకీ, ఆల్మా లినక్స్ వాళ్లు రెడ్ హ్యాట్ పేరు, లోగో లేకుండా సొంత పేరుతో ఇస్తున్నది ఇందుకే. ఉబుంటు అనే లినక్స్‌ను మార్చి పంచాలన్నా దాన్ని తయారుచేసే కెనానికల్ కంపెనీ అనుమతి తీసుకోవాలి, లేదంటే వాళ్ల ట్రేడ్‌మార్కులు తీసేసి సోర్స్ నుంచి మళ్లీ కంపైల్ చేసుకోవాలి. జీపీఎల్ ఇచ్చిన హక్కులను ఈ షరతు తగ్గించదని 2015లో వాళ్ల పాలసీలోనే చేర్చారు.

క్లోజ్డ్ (సోర్స్ ఇవ్వని) డ్రైవర్లు, ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్ లోపల నడిచే కోడ్) ఉంటే వాటి షరతులు విడిగా చదవండి. హెచ్.264 లాంటి కోడెక్‌లకు (వీడియోను కుదించి మళ్లీ చూపే పద్ధతులకు) పేటెంట్ ఫీజు వేరే ఉండొచ్చు. విండోస్ ఇమేజ్‌ను మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం లేకుండా పంచడానికే లేదు.

అనుమతి అడగాల్సి వస్తే ఏ వెర్షన్, ఏం మార్చారు, ఎన్ని కాపీలు, అమ్ముతారా ఊరికే ఇస్తారా అన్నీ మెయిల్‌లో రాయండి. రాతపూర్వకంగా జవాబు వచ్చాకే కాపీలు తీయడం మొదలుపెట్టండి.