పెళ్లయి పదేళ్లు దాటినవాళ్లకి బీచ్ రోడ్డు చిట్కా

పిల్లలు స్కూల్లో పడ్డాక మొగుడూపెళ్లాల మాటలన్నీ గ్యాస్ బుక్ చేశావా, ఫీజు కట్టారా, అత్తయ్య షుగర్ టెస్ట్ ఎప్పుడు, ఇవే అయిపోతాయి, దాంతో ప్రేమ పోయిందేమో అని బెంగపడతారు చాలామంది. అంత కంగారొద్దండి. రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ అనే సైకాలజిస్ట్ 1986లోనే చెప్పాడు, ప్రేమలో దగ్గరితనం, మోహం, కలిసుండాలనే నిర్ణయం అని మూడుంటాయి, మోహం తొందరగా ఎగసి తగ్గుతుంది, దగ్గరితనం నెమ్మదిగా పెరుగుతుంది అని. ఆ దగ్గరితనాన్ని మనమే చూసుకోవాలి.

పొద్దున్నే వైజాగ్ బీచ్ రోడ్డులో బండ్లు తిరగనివ్వరు కదా, అప్పుడు ఇద్దరే కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడవండి, ఫోన్లు బండి డిక్కీలో పడేసి. వెళ్లేటప్పుడు ఇంటి లెక్కలన్నీ తేల్చేసుకోండి, తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ మాటే ఎత్తకూడదు. "ఈ వారం నీకు ఎక్కడ బాధేసింది?" అని అడిగి ఊరుకోండి. పక్కపక్కన నడుస్తుంటే మొహాలు చూసుకోనక్కర్లేదు కాబట్టి ఇంట్లో మింగేసిన మాట కూడా బయటికొస్తుంది, అప్పుడు దయచేసి సలహా ఇవ్వకండి, వినండి చాలు.

స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో షిఫ్టులైతే ఆఫ్ రోజు పెట్టుకోండి. అప్పుడప్పుడూ రూటు మార్చి తొట్లకొండో కైలాసగిరో వెళ్లండి, జంటలు కలిసి కొత్త పని చేస్తే బంధం బాగుంటుందని సైకాలజిస్ట్ ఆర్థర్ ఆరన్ వాళ్లు 2000లో వేసిన పేపర్‌లో ఉంది.