విశాఖను హార్బరు వైపు నుంచి చూడండి

చుట్టాలొస్తే అందరూ ముందు ఆర్.కె. బీచికి తీసుకువెళతారు. నేను చివర్లో తీసుకువెళతాను. ఇరవై ఎనిమిదేళ్ళు డ్రెడ్జరు మీద, అంటే సముద్రం అడుగున పేరుకున్న ఇసుకను తోడే ఓడ మీద, పనిచేసినవాణ్ణి. ఈ ఊరి కథ తెలియాలంటే ఇసుక వెంట నడవాలంటాను. ఒక్క రోజు చాలు.

తెల్లవారి ఆరింటికల్లా ఫిషింగ్ హార్బరులో ఉండండి. పాత చెప్పులు వేసుకోండి. మా బావగారు తెల్ల పంచెతో వచ్చి, చేపల నీళ్ళు చిమ్మిన అంచును సాయంత్రం దాకా చేత్తో ఎత్తిపట్టుకుని తిరిగారు. గంపల్లో కవళ్ళు, కానాగంతలు, నేల మీద వరసగా వంజరాలు ఉంటాయి. వేలంపాట నడుస్తుండగా ధర అడిగారంటే మీ పేరనే కొట్టేస్తారు, జాగ్రత్త. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో హాయిగా నిద్రపోయి, నేరుగా రెండో చోటికి రండి.

అది వన్‌టౌన్. ఆటోవాడికి పాత పోస్టాఫీసు అని చెప్పండి. అక్కడి నుంచి రాస్ హిల్ ఎక్కాలి. పక్కపక్కనే మూడు కొండలు: ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరుడు. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు, ముందు దక్షిణానికి తిరగండి. ఎదురుగా సముద్రంలోకి చొచ్చుకుపోయినది యారాడ కొండ. డాల్ఫిన్ నోస్ అన్నది ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు. దాని కింద సన్నటి నీటిదారి కనిపిస్తుంది. ఓడ వచ్చేదాకా కదలకండి. ఇళ్ళ కప్పుల మీదుగా ఓడ నడిచిపోతున్నట్టే ఉంటుంది.

ఆ దారి వెనుక ఒకప్పుడు మేఘాద్రి గెడ్డ అనే వాగు సముద్రంలో కలిసే చిత్తడి నేల. మధ్య భారతంలో తవ్విన మాంగనీసును ఓడకెక్కించడానికి రేవు కావలసివచ్చి ఆ చిత్తడిని తవ్వారు. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది. తవ్వడం ఒక ఎత్తు, పూడకుండా కాపాడటం ఒక ఎత్తు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకుపోతుంటుంది, దారిలో రేవు నోరు దొరికితే పూడ్చేస్తుంది. అందుకే కొండ దగ్గర రెండు పాత ఓడలను కావాలనే ముంచి అడ్డుకట్ట చేశారు. అయినా తోడటం ఆగలేదు. మా ఉద్యోగాలు నిలిచింది ఆ ఇసుక పుణ్యానే.

కొండ దిగి బురుజుపేటలో కనకమహాలక్ష్మి దర్శనం చేసుకోండి. అమ్మవారికి పైన కప్పు ఉండదు. పసుపు కుంకుమలు మీ చేత్తోనే పెట్టవచ్చు. మార్గశిర మాసం గురువారాల్లో మాత్రం వరస వీధులు దాటిపోతుంది, పిల్లలతో వెళ్ళకండి.

ఎండ తగ్గాక, ఇప్పుడు బీచి. ఒడ్డున మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామిని ఎలాగూ చూస్తారు (సోమవారం సెలవు). నేను చెప్పేది దాని ముందున్న ఇసుక గురించి. అక్కడ రేవు అడ్డుపడటంతో ఇక్కడికి చేరవలసిన ఇసుక చేరదు, అలలేమో ఉన్నదాన్ని కోసుకుపోతాయి. అందుకే తోడినదాన్ని గొట్టాల ద్వారా ఈ ఒడ్డుకు పంపుతారు. మురీ మిక్చరు పొట్లం పక్కన పెట్టి ఒక గుప్పెడు తీసి చూడండి. తడి ఇసుకలో సన్నటి నల్ల చారలుంటాయి, అది ఇల్మనైటు అనే ఖనిజం. మధ్యలో ఎర్రగా మెరిసే రేణువులు గార్నెట్ అనే మరో ఖనిజం. మా గొట్టంలోంచి పడ్డప్పుడు బూడిదరంగు బురదలా, గవ్వముక్కలతో గరగరమంటూ ఉండేది. నాలుగు రోజుల ఎండకు తెల్లబడేది.

మర్నాడు ఖాళీ ఉంటే తీరం వెంట భీమిలి బస్సెక్కండి. తొట్లకొండ మీది బౌద్ధ శిథిలాలు, భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, రెండూ బాగుంటాయి. నాకు మాత్రం భీమిలికి ముందు వచ్చే ఎర్రమట్టి దిబ్బలే ఇష్టం. పేరుకు మట్టి గానీ అదీ ఇసుకే. వేల ఏళ్ళ కిందట పోగుపడి, ఇనుము తుప్పుతో ఎర్రబడింది. అంచుల మీదికి ఎక్కకండి, కాలు పెడితే విరిగిపోతాయి. కింద వాన కోసిన గాడిలోనే నడవండి.