పాత క్వాడ్ కోర్ ప్రాసెసర్ ఇప్పుడు కొనొచ్చా? ముందు మీ బోర్డు చూసుకోండి

మన తిరుపతిలో జెరాక్స్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో, చదువుకునే పిల్లలుండే ఇళ్ళల్లో ఇంకా ఇంటెల్ రెండు కోర్ల ప్రాసెసర్ కోర్ 2 డ్యూయో ఉండే సిస్టంలు నడస్తానే ఉండాయి. వాళ్ళల్లో చానామంది అడిగేది ఒకటే, దీంట్లోకి పాత క్వాడ్ కోర్, అంటే నాలుగు కోర్ల ప్రాసెసర్ ఒకటి వేస్తే ఇంకో రెండేళ్ళు లాగుతుందా, లేకుంటే మొత్తం మార్చాల్నా అని. నా మాట ముందే చెప్పేస్తా. మీ దగ్గరుండే మదర్‌బోర్డుకి అది పడితే, కారుచౌకగా దొరికితే వేసుకోండి, మంచిదే. క్వాడ్ కోర్ వస్తుంది కదా అని పాత బోర్డు, పాత ర్యామ్, ప్రాసెసర్ కలిపి సెట్టుగా మాత్రం కొనొద్దు, ఆ డబ్బుకి ఇంగ కొంచెం కలిపి సెకండ్ హ్యాండ్‌లో మూడో జనరేషన్ ఐ5 సిస్టం కోసం వెతకండి.

ఈ పాతవాటిల్లో జాస్తి కనిపించేది ఇంటెల్ కోర్ 2 క్వాడ్ క్యూ6600. 2007 జనవరిలో వచ్చింది, 2.4 గిగాహెర్ట్జ్, 8 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలుండే చిన్న మెమరీ). నిజానికి లోపల రెండు డ్యూయల్ కోర్ చిప్పులు పక్కపక్కన పెట్టి ఒకే ప్యాకేజీ చేసినారు, అవి రెండూ మాట్లాడుకోవాలంటే బోర్డు మీది బస్సు, అంటే డేటా పోయే దారి, మీదుగా పోయి రావాల్సిందే. మొదట్లో 851 డాలర్లు ఉండె, అదే ఏడాది జూలైలో 266కి దించేసినారు, అందుకే అంతమంది కొన్నారు, అందుకే ఇప్పటికీ దొరకతా ఉండాది. దీంట్లో రెండు రకాలు. పైన రేకు మీద ఎస్‌ఎల్‌ఏసీఆర్ అని ఉంటే అది జీ0 రకం, 95 వాట్లు. ఎస్‌ఎల్9యూఎం అని ఉంటే పాత బీ3 రకం, 105 వాట్లు, వేడి జాస్తి, మన ఎండలకి అది వద్దే వద్దు. క్యూ9550 దొరికితే ఇంకా మంచిది, 2.83 గిగాహెర్ట్జ్, 12 ఎంబీ క్యాష్, వేడి కూడా తక్కువ. క్యూ8200, క్యూ8400 వాటిల్లో క్యాష్ 4 ఎంబీనే, రేటు బాగా తక్కువైతేనే చూడండి. ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ వైపు మొదటి ఫెనమ్ 9500, 9600 వాటిల్లో టీఎల్‌బీ అనే భాగంలో ఒక లోపం ఉండె, దానికి బయాస్‌లో (సిస్టం ఆన్ కాగానే నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) ఇచ్చిన మందు వేస్తే స్పీడు పడిపోతుంది. నంబరు చివర 50 ఉండే 9550, 9650, 9850 లాంటివాటిల్లో అది సరిచేసినారు. 2009లో వచ్చిన ఫెనమ్ 2 ఇంకా నయం.

ఇంగ అసలు సంగతి, మీ పనికి నాలుగు కోర్లు కావాల్నా? పెళ్ళి వీడియోలు రెండర్ చేసేవాళ్ళకి, పెద్ద ఫైళ్ళు జిప్ చేసేవాళ్ళకి తేడా బాగా తెలుస్తుంది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కరపత్రాలు కొట్టేవాళ్ళకి, ట్యాలీ చేసేవాళ్ళకి ఒక్క కోరు స్పీడే ముఖ్యం. మీ దాంట్లో ఇప్పటికే ఈ8400 అనే డ్యూయో ఉంటే అది 3 గిగాహెర్ట్జ్, దాన్ని తీసేసి క్యూ6600 వేస్తే ఈ పనులు ఇంకా నెమ్మదవుతాయి, డబ్బు పెట్టి స్పీడు తగ్గించుకున్నట్టు. అట్లాంటివాళ్ళు ఒక ఎస్‌ఎస్‌డీ వేసుకోండి చాలు, పాత బోర్డులో డిస్క్ తగిలించే సాటా స్పీడు తక్కువే అయినా హార్డ్ డిస్క్‌తో పోలిస్తే సిస్టం ఆన్ అయ్యేదే వేరేగా ఉంటుంది.

బోర్డు చూసేది ఎట్లా అంటే, సీపీయూ-జెడ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసి మెయిన్‌బోర్డ్ ట్యాబ్‌లో మోడల్ నంబరు రాసుకోండి, ఆ కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్టు ఉంటుంది, దాంట్లో మీరు కొనే ప్రాసెసర్ పేరు, దానికి కావాల్సిన బయాస్ వెర్షన్ రెండూ చూడండి. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ 775 రకం అయినంత మాత్రాన పడదు, 945 చిప్‌సెట్ (బోర్డు మీది ముఖ్యమైన చిప్పులు) ఉండే బోర్డులు చానావరకు క్వాడ్ తీసుకోవు. జీ31, జీ41 అయితే మామూలుగా తీసుకుంటాయి, అయినా లిస్టు చూడకుండా డబ్బియ్యొద్దు. జీ31లో ర్యామ్ 4 జీబీ దాటదు, క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే అదే నిండిపోతుంది, అప్పుడు నాలుగు కోర్లుండి ఏం లాభం చెప్పండి.

ఇంకోటి, ఈ కోర్ 2 క్వాడ్‌లలో ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ఆదేశాల సెట్టు లేదు, కాబట్టి విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ అసలు బూటే కాదు, ఏ అడ్డదారీ పనిచేయదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. బ్యాంకు పనులు చేసుకునే సిస్టం అయితే లినక్స్ మింట్ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టం వేసుకోండి, దాంట్లో బాగా నడుస్తుంది. బోర్డు మీది పాత గ్రాఫిక్స్ యూట్యూబ్ వీడియోకి సాయం చేయదు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది, వీడియో 720లో పెట్టుకుంటే చాలు.

కొనేటప్పుడు క్వాడ్ అని పాత ఐ3 అంటగట్టేవాళ్ళు ఉంటారు, టాస్క్ మేనేజర్‌లో నాలుగు గ్రాఫులు చూపిస్తారు, నిజానికి అవి రెండు కోర్లే, ఒక్కో కోరు రెండుగా కనిపిస్తుంది, అందుకే నాలుగు థ్రెడ్లు. సీపీయూ-జెడ్‌లో కింద కోర్స్ అని ఉండేచోట 4 ఉండాల. ఉత్త ప్రాసెసర్ కోసం సప్తగిరి రైలు ఎక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ దాకా పోవద్దు, పోయి రావడానికే డబ్బు, రోజు రెండూ అయిపోతాయి. ఐ5 సెట్టు కొనాలనుకుంటేనే పోండి, అక్కడ ఆన్ చేయించి అరగంటన్నా నడిపి చూసి తీసుకోండి. బోర్డు కూడా కొంటా ఉంటే ప్రాసెసర్ తీయించి సాకెట్‌లో పిన్నులు ఫోన్ లైటు వేసి చూడండి, ఒక్కటి వంగినా వద్దు. ప్రాసెసర్ పక్కన చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నా వద్దు.

బిగించే ముందు పాత ప్రాసెసర్ మీదే బయాస్ అప్‌డేట్ చేసేయండి, కరెంటు పోయే టైంలో మాత్రం చేయొద్దు, యూపీఎస్ ఉంటే మంచిది. తర్వాత ప్లగ్గు పీకి, కూలర్ కాళ్ళు నాలుగూ బాణం గుర్తు వైపు తిప్పి పైకి లాగండి. ప్రాసెసర్‌కి, కూలర్‌కి మధ్య వేడి లాగే పాత పేస్టు ఎండి సున్నం మాదిరి అయి ఉంటుంది, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో మెల్లగా తుడవండి, గోకొద్దు. ప్రాసెసర్ అంచులో ఉండే రెండు గాట్లు సాకెట్‌లోని బొడిపెలకి సరిపోయేటట్టు పెడితే దానంతటదే కూర్చుంటుంది, నొక్కే పనే లేదు. పేస్టు బఠాణీ గింజంత చాలు. కూలర్ పెట్టేటప్పుడు కాళ్ళు తిప్పింది మళ్ళీ వెనక్కి తిప్పుకొని, ఎదురెదురు మూలలు జతగా నొక్కండి, టక్కుమని శబ్దం నాలుగుసార్లు వినపడాల. డ్యూయోతో వచ్చిన పల్చటి కూలర్ క్వాడ్‌కి చాలదు, ప్రాసెసర్‌తోపాటు లావు కూలర్ కూడా అడిగి తీసుకోండి.

ఆన్ చేసినాక వేడి చూపించే కోర్ టెంప్ సాఫ్ట్‌వేర్ వేసి, ఒక వీడియో రెండర్ పెట్టి అరగంట చూడండి. మధ్యాహ్నం ఎండలో చేయండి, రాత్రి చల్లగా ఉన్నప్పుడు చేస్తే నిజం తెలీదు. వేడి 80 డిగ్రీలు దాటతా ఉంటే వెంటనే ఆపి బోర్డు వెనక వైపు చూడండి, మామూలుగా కూలర్ కాలు ఒకటి పూర్తిగా దిగి ఉండదు.